పనిలో ఉన్న చెయ్యి

నేను వెళ్ళేసరికి మంగతాయారుగారు తన కుడిచేతిని పీట మీద పెట్టుకుని విసనకర్రతో విసురుతున్నారు.

చెయ్యి ఒంటికి లేదు. మోచేతి కింది నుంచి వేళ్ళ చివరి దాకా మా ల్యాబులో తయారైన చెయ్యి అది. తడిగుడ్డ మీద బుద్ధిగా పడుకుని గాలి పోసుకుంటోంది. ఎదురుగా పొయ్యి మీద బోర్లించిన రేకుల కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పల్చగా కలిపిన బియ్యప్పిండి నీళ్ళు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఏ వసారాలోనైనా కనిపించే సరంజామాయే. విసనకర్ర కింది చెయ్యి ఒక్కటే కొత్త.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"కాలిపోయిందండి. చల్లారబెడతన్నాను," అన్నారావిడ, అందులో అడగడానికేముందన్నట్టు.

"రేకు తీసినప్పుడల్లా ఇలాగే తీసి విసురుతారా?"

"ఆయ్. రెండు రేకులు తీత్తే చాలండి, వేడెక్కిపోతాది. మావోళ్ళంతా చెయ్యి నీళ్ళలో ముంచుకుంటారు. కరెంటు చేతిని నీళ్ళలో ముంచుతామేటండి?"

"ముంచినా ఏం కాదని చెప్పాం కదా."

"చెప్పారండి. మనసొప్పాలి కదా."

కొత్త సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఏళ్ళ తరబడి తియ్యని ఇళ్ళు నాకు బాగా తెలుసు. మా ఇల్లే అందులో ఒకటి. అందుకే నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కొన్నివారాలుగా మా ల్యాబులో అందరూ తలలు పట్టుకుని కూర్చున్నది దేనికోసమో, అది ఈ విసనకర్ర కిందే ఉందని అప్పుడు తట్టింది.

నా పేరు సలోమి. రాజమండ్రిలో కృత్రిమ అవయవాల ల్యాబులో ఫిజియోథెరపిస్టుని. అక్కడ తక్కినవాళ్ళంతా ఇంజనీర్లు. వాళ్ళకి చెయ్యంటే మోటార్లూ సెన్సార్లూ. నాకు చెయ్యంటే దాని వెనకున్న మనిషి. దీని మీద మాకు రోజూ గొడవే. టీ వచ్చేసరికి సర్దుకుంటాం.

తాయారుగారు మా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు భర్త సూరిబాబుగారు ఆవిడ వెనకే, చంటిపిల్లతో నడిచినట్టు నడిచారు. కాలవ గట్టు మీద ఆటో బోల్తాపడి ఆవిడ కుడిచెయ్యి పోయింది. పోయిన చెయ్యి పోయి ఊరుకోలేదు. లేని చెయ్యి అక్కడే ఉన్నట్టు, పిడికిలి బిగించుకుని ఉన్నట్టు, గోళ్ళు అరచేతిలోకి దిగుతున్నట్టు నొప్పి. మందులకి లొంగలేదు. మొక్కులకీ లొంగలేదు. లేని పిడికిలిని విప్పడం ఎవరివల్ల అవుతుంది? "ఆ నొప్పి వచ్చినప్పుడు నేను గోడకేసి తిరిగి కూచుంటానండి. సూళ్ళేను," అన్నారు సూరిబాబుగారు నాతో పక్కకి వచ్చి.

మా ఇంజనీరు ఫణీంద్రగారు అప్పటికి ఆరేళ్ళుగా ఒక చిప్పు మీద పనిచేస్తున్నారు. తెగిన చేతి చివర, నరాల దగ్గర పెట్టే చిప్పు. దాని పేరు గుమ్మం. అది ఏం చేస్తుందో తాయారుగారికి చెప్పే పని ప్రోగ్రామరు అజీజా మీద పడింది. కాకినాడ పిల్ల, మాటకారి. ల్యాప్‌టాప్ తెచ్చి ఆవిడ ముందు పెట్టి, దానికి మౌస్ తగిలించింది. టింగుమంది.

"చూశారా ఆంటీ. నేనేం నొక్కలేదు, ఏం చెప్పలేదు. ఎవరో వచ్చారని దానికదే పసిగట్టింది. ఎవరు నువ్వని అడిగింది. నేను మౌస్‌ని అని ఇది చెప్పింది. మౌస్‌తో ఎలా మాట్లాడాలో ఆ పాఠం వెతికి తెచ్చుకుంది. ఇప్పుడు లాగేస్తున్నా." మౌస్ పీకింది. ఇంకో రకంగా టింగుమంది. "వెళ్ళిపోయిందని కూడా దానికదే తెలుసుకుని ఆ పాఠం మూసేసింది. మీ చేతి దగ్గర గుమ్మం కూడా అంతే. ఏ చెయ్యి తగిలిస్తే ఆ చేతిని గుర్తుపడుతుంది. అది తాకిన వేడీ చల్లదనమూ నరాలకి చెబుతుంది. తీసేస్తే, ఇక్కడెవరూ లేరని నరాలకి కబురు పెడుతుంది."

"ఎవరూ లేరని చెబితే ఊరుకుంటాయా అమ్మాయ్ నరాలు?" అన్నారు తాయారుగారు.

"ఊరుకుంటాయనే మా ఆశ ఆంటీ."

ఊరుకున్నాయి. చిప్పు పెట్టి, గాయం మానాక, ఫణీంద్రగారు వంటింటి పనులకి పనికొచ్చే చేతిని ఆవిడకి తగిలించారు. వేళ్ళు ఒకసారి ముడుచుకుని తెరుచుకున్నాయి. గ్లాసు పట్టుకున్నారు, బొట్టుబిళ్ళ అంటించుకున్నారు. అదంతా బాగానే ఉంది. అసలు పరీక్ష చెయ్యి తీసేశాక. ఆవిడ కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి నొప్పి కోసం ఎదురుచూశారు. గడియారం వైపు చూడ్డం మాలో ఎవరికీ ధైర్యం చాల్లేదు. చాలాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి, "లేదండి," అన్నారు. సూరిబాబుగారు వరండాలోకి వెళ్ళి తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్ళీ లోపలికొచ్చి, ఫ్యాను బాగా తిరగట్లేదని ఫిర్యాదు చేశారు.

కొద్దిరోజులకి ల్యాబుకి డబ్బా నిండా పూతరేకులు వచ్చాయి. ఇంజనీర్ల చొక్కాల నిండా పంచదార పొడి. మా ఫణీంద్రగారి మీసానికి కూడా అంటింది, సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. రేకు తియ్యడం తమాషా కాదు. పిండిలో ముంచిన పల్చటి గుడ్డని రెండు చేతులా పట్టి కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగాలి. చెయ్యి ఆగితే ముద్ద, తొందరపడితే చిల్లు. ఆ లాగు తాయారుగారికి పెళ్ళికాకముందు నుంచీ చేతిలో ఉంది. అది ఈ కొత్త చేతిలోకి వచ్చి కూర్చుంది.

తరవాత వచ్చిన డబ్బాలో రేకులు చిరిగి ఉన్నాయి. ఆ తరవాత డబ్బా రాలేదు. ఒకరోజు కూతురు హైమ ఫోను చేసింది. ఇంటరు చదువుతోంది ఆ పిల్ల.

"మేడమండి, అమ్మకి రేకు రావట్లేదండి. రాపోడం అంటే... ఎలా తియ్యాలో తెలీనట్టు కుండకేసి అలా సూత్తా కూచుంటందండి. ఎడం చెయ్యి కూడా తడబడతంది. నాకు బయమేత్తందండి."

నాక్కూడా భయం వేసింది. ల్యాబుకి పిలిపించి చూశాం. చెయ్యి భేషుగ్గా ఉంది. గ్లాసు పట్టుకుంటుంది, తాళం తీస్తుంది. రేకు మాత్రం రాదు. గుమ్మం పంపిన సమాచారంలో చెయ్యి ఊడిపోవడం, తగులుకోవడం, మళ్ళీ ఊడిపోవడం కుప్పలు తెప్పలుగా కనిపించాయి. అతుకు వదులైందనుకుని ఫణీంద్రగారు రింగు మార్చారు. మళ్ళీ అదే. ఇంకో రింగు మార్చారు. చివరికి, "ఒకసారి వాళ్ళింటికెళ్ళి చూసి వస్తారా?" అని నన్ను పంపారు. వెళ్తే విసనకర్ర కనిపించింది.

ల్యాబుకి తిరిగొచ్చి చెప్పాను. మొదట అందరూ నవ్వారు. అజీజా నవ్వు అందరికన్నా ముందు ఆగింది.

"సర్, చెయ్యి తీసేయగానే మనం ఊడ్చే మనిషిని లోపలికి పంపుతున్నాం కదా. పాత సంకేతాలన్నీ ఊడ్చెయ్యమని."

"అవును. అందుకే కదా నొప్పి పోయింది."

"రోజుకి ఒకసారో రెండుసార్లో తీస్తారనుకున్నాం. ఈవిడ రేకు రేకుకీ తీస్తున్నారు. ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని వచ్చేసరికి వెళ్ళిపోయిన చుట్టం మళ్ళీ వచ్చి కూర్చునుంటాడు. కూర్చున్నవాడి కింద ఊడవలేడు. చీపురు ఊరుకోదు. పక్కనున్న సామాను ఊడ్చేస్తున్నాడు."

ఆ పక్కనున్న సామాను ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గ్లాసు పట్టుకోవడం మేమిచ్చిన చేతి పాఠంలో ఉంది. తాళం తియ్యడం ఉంది. రేకు తియ్యడం మేము రాసిన ఏ పాఠంలోనూ లేదు. అది తాయారుగారి అసలు చెయ్యి నేర్చుకున్నది. నరాల దారిలో అదొచ్చి కొత్తచేతికి సాయం పట్టేది. గుమ్మం దాన్ని కూడా చెత్తలో కలిపేసింది.

ఇకముందు అలా జరక్కుండా చూడ్డం తేలికే. చెయ్యి తీసేశాక కాసేపు ఆగి, నిజంగా వెళ్ళిందని నమ్మకం కుదిరాకే ఊడవమని అజీజా ఆ పూటే మార్చేసింది. కానీ జరిగిపోయినదాని సంగతేమిటి?

"తుడిచేసిందా, నోరు మూయించిందా?" అన్నాను.

"చిప్పు మెదడులో దేన్నీ తుడవలేదు," అన్నారు ఫణీంద్రగారు. "దారి మూసెయ్యగలదు. దారి మూసేస్తే అవతలున్నది వాడక పోయి అదే చెరిగిపోవచ్చు. పోయుండకపోవచ్చు. నాకు తెలీదు సలోమిగారూ. తెలుసుకోవాలంటే గుమ్మం ఆపెయ్యాలి. ఆపేస్తే ఆ నొప్పి వస్తుంది. దాంతోపాటు రేకు కూడా వస్తే అదృష్టం. రాకపోతే ఆవిడకి మళ్ళీ మనమిచ్చేది ఒట్టి నొప్పే."

మనిషి మంచివాడు. తెలీదని చెప్పడానికి సిగ్గుపడడు. ఆ మాటే స్వయంగా వాళ్ళింటికొచ్చి చెబుతానన్నారు.

ధవళేశ్వరం బ్యారేజీ మీద కారు వెళ్తుంటే అజీజా కిటికీలోంచి గోదారిని చూస్తూ ఉన్నట్టుండి అంది: "మేడమ్, పెన్‌డ్రైవ్ తీసేముందు కంప్యూటర్ ఒక్కోసారి ఒప్పుకోదు చూడండి. ఇది పనిలో ఉంది, ఇప్పుడు తియ్యొద్దంటుంది. ముందు తెరిచిన పని ముగించాలి. అప్పుడే పొమ్మంటుంది."

"అయితే?"

"ఆంటీ చేతిని ఎవరూ అడిగి తియ్యలేదు కదా. అది ఏదో పనిలో ఉండగా పోయింది. లోపల ఆ పని ఇంకా తెరిచే ఉందేమో. మనం దాన్ని ముగించలేదు, మీద దుప్పటి కప్పాం."

పిడికిలి, పిడికిలి అని ఇన్నాళ్ళుగా అందరం రాసుకున్నాం. ఆ పిడికిట్లో ఏముందని ఒక్కరమూ అడగలేదు.

వాళ్ళ వసారాలో ఫణీంద్రగారు దాచకుండా అంతా చెప్పారు. సూరిబాబుగారు చివరిదాకా విని లేచి నిలబడ్డారు.

"వొద్దండి. రేకులు రాపోతే రాపోనియ్యండి. నేను కొబ్బరికాయల యాపారం చేత్తన్నాను, తిండికి లోటు లేదు. ఆ నొప్పి మళ్ళీ మా ఇంట్లోకి తేకండి, మీకు దణ్ణమెడతాను."

"నువ్వు కూకో," అన్నారు తాయారుగారు మెత్తగా. "ఇదిగో, ఇనండి సారు. గ్లాసు అట్టుకోడానికి నాకు ఎడం చెయ్యుంది. మీ చెయ్యి ఎందుకేయించుకున్నాను? కుండ కాడ కూకుంటే నేను నేనులా ఉంటానని. ఇప్పుడు కుండ కాడ కూకుంటే ఎవరింటికో పనికొచ్చినట్టుంటంది. ఆపెయ్యండి. వత్తే వత్తాది, రాపోతే మళ్ళీ గుమ్మం ఎయ్యొచ్చు కదా?"

"ఎయ్యొచ్చమ్మా," అన్నారు ఫణీంద్రగారు.

మర్నాడు పొద్దున్నే కుండ ఎక్కించారు. కుండ కాగుతుండగా తాయారుగారు దాని ముందు కూర్చున్నారు, చెయ్యి తీసేసి. హైమ మంటలోకి కొబ్బరాకులు తోస్తోంది. సూరిబాబుగారు గోడకేసి తిరిగి కూర్చున్నారు. అజీజా ఒక మీట నొక్కి గుమ్మాన్ని ఆపేసింది.

కొంతసేపు ఏమీ లేదు. తరవాత ఆవిడ భుజం బిగుసుకుంది. మెడనరం పొంగింది. తెగిన చెయ్యి ఛాతీకి దగ్గరగా ముడుచుకుంది. కేక పెట్టలేదు. పెడితే బాగుండుననిపించింది నాకు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను.

"తాయారుగారూ, పిడికిలేనా?"

"ఆయ్."

"అందులో ఏముందండీ? ఏం పట్టుకున్నారు?"

ఆవిడ కళ్ళు తెరవలేదు. "రాడ్డండి. ఆటో రాడ్డు."

"ఎందుకు పట్టుకున్నారు?"

"ఎందుకేటండి, ఎడంచేత్తో పిల్లనట్టుకున్నాను కదా. ఇది ఒదిలేత్తే పిల్ల కాలవలోకి పడిపోద్ది."

పడిపోయేది అనలేదు. పడిపోద్ది అన్నారు. ఆటో బోల్తాపడి రెండేళ్ళయింది. ఆ పిల్ల మా ఎదురుగా కొబ్బరాకు పట్టుకుని కూర్చుంది. తాయారుగారికి అది తెలుసు. ఆ చేతికే తెలీదు. దాన్ని ఆస్పత్రిలో తీసేసినప్పుడు అది ఇంకా కూతుర్ని కాపాడుతూనే ఉంది. పని అయిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

హైమ ఆకు పారేసి వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తెగిన చేతి చివర, పిడికిలి ఉండాల్సిన చోట, ఖాళీ గాల్లో తన రెండు చేతులూ దోసిలి పట్టినట్టు పెట్టింది.

"అమ్మా. నేను పడలేదమ్మా. ఇదిగో, ఇక్కడే ఉన్నాను. ఆటో ఆగిపోయింది. నన్ను బయటికి తీసేసేరు. మోకాలు గీసుకుంది, అంతే. నువ్వే లాగేవు నన్ను. ఇంక ఒదిలెయ్యమ్మా."

తాయారుగారు తల అడ్డంగా ఊపారు.

"సూడమ్మా నన్ను," అంది హైమ. "కాలేజీకి కూడా ఎల్తన్నాను కదా. ఒదిలెయ్. ఏం కాదు."

ఆ పిల్ల గాల్లోనే తల్లి వేళ్ళు విప్పుతున్నట్టు ఒక్కొక్కటిగా నెమ్మదిగా కదిపింది, చంటిపిల్లల గుప్పిట్లోంచి గిలక తీసుకునేటప్పుడు తీసినట్టు. ఎంతసేపు అలా చేసిందో నాకు తెలీదు. తాయారుగారి భుజం ముందు దిగింది. తరవాత మెడ. తరవాత పొడుగ్గా ఊపిరి వదిలారు, మా అందరి ఊపిరీ కలిపి వదిలినట్టు.

"ఒదిలిందే," అన్నారు.

గోడవైపు నుంచి సూరిబాబుగారు మెల్లిగా ఇటు తిరిగారు. తాయారుగారు కుండ వైపు చూసి, ముక్కు ఎగబీల్చి, "మంట ఎక్కువైపోతంది, ఆకు తగ్గించవే," అన్నారు కూతుర్ని. ఆ విసుగు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. తరవాత ఎడంచేత్తో పిండిగుడ్డ అంచు పట్టుకుని, కుడిభుజంతో, లేని చేత్తో, కుండ మీంచి ఒక్క లాగు లాగారు. గుడ్డ ఒక పక్కే కదిలింది, రేకేం రాలేదు. కానీ ఆ లాగు చూసిన హైమ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఆ లాగు వాళ్ళమ్మదే.

"గుమ్మం మళ్ళీ తెరుస్తున్నా," అంది అజీజా. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గబగబా ఏదో రాసింది. "సర్, లోపల్నించి పిలుస్తోంది. బాగా పిలుస్తోంది. దానికి పేరు లేదు, మన జాబితాలో లేని పరికరం. కొత్త నియమం పెడుతున్నాను. ఇది ఎప్పుడొచ్చినా ఎవరని అడగకుండా రానివ్వాలి. దీన్ని ఊడవకూడదు. ఆంటీ, దీనికి ఏం పేరు పెట్టమంటారు?"

"పేరెందుకు అమ్మాయ్? అది నాదే కదా."

అజీజా అదే రాసింది.

ఫణీంద్రగారు చెయ్యి తగిలించారు. వేళ్ళు ముడుచుకుని తెరుచుకున్నాయి. తాయారుగారు గుడ్డ రెండు కొసలూ పట్టి పిండిలో ముంచి, పైకెత్తి, కుండ మీద లాగారు. సన్నటి చప్పుడు వచ్చింది. అంచు వేలితో లేపితే రేకు లేచింది. వెలుతురులోకి పట్టుకుంటే అవతల సూరిబాబుగారి మొహం కనిపించింది, ఆయన ఏడుస్తున్నారని కూడా తెలిసింది. చిల్లు లేదు, చిరుగు లేదు. ఇంకోటి తీశారు. ఇంకోటి. మేం పట్నం మనుషులం, పూజ చూస్తున్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాం.

మూడో రేకు తీశాక ఆవిడ కుడిచెయ్యి ఊపుకున్నారు. కాలింది. అలవాటుగా ఎడంచెయ్యి రింగు మీదికి వెళ్ళింది, చేతిని ఊడదీసి విసరడానికి. మేమంతా ఊపిరి బిగబట్టాం. కాసేపు ఆగాకే ఊడవాలని అజీజా పెట్టిన నియమం ఉంది, తీసినా ఇప్పుడేం కాదు. అయినా బిగబట్టాం.

తాయారుగారు మా మొహాలకేసి చూశారు. పక్కనున్న నీళ్ళ గిన్నెకేసి చూశారు. రింగు మీంచి చెయ్యి తీసేశారు. చంటిబిడ్డకి మొదటిసారి నీళ్ళు పోసేటప్పుడు కళ్ళు చిట్లించినట్టు చిట్లించి, మా కరెంటు చేతిని మణికట్టు దాకా నీళ్ళలో ముంచారు.

ఏమీ కాలేదు. ఆవిడ కళ్ళు తెరిచి నీళ్ళలో వేళ్ళు కదుపుకున్నారు.

"చల్లగా ఉందండి," అన్నారు.